పటాలు గీసేవాడికి జడ

కథలో అబద్ధం నా ముందు ఒక్క పేజీ కూడా నిలవదు. నేను చదివింది మా ఊరి వీధిబడిలోనే అయినా, కుట్టుమిషన్ ముందు కూర్చుని జీవితమంతా నేను కోసిన కోతలు అన్నీ ఇన్నీ కావు. అలాంటివాణ్ణి ఎదుటివాడి కోతలు పట్టుకోలేనా? ఎవరైనా కథను కాస్త అటూ ఇటూ మార్చారో, నా చెవి టక్కున పట్టేస్తుంది.

ఈ మాట గుర్తుంచుకోండి. తర్వాత నవ్వుకోవడానికి పనికొస్తుంది.

కంటి ఆపరేషన్ చేయించుకుని, రెండు కళ్ళకూ కట్టుతో నా టైలరింగ్ షాపులో ఓ మూల కుర్చీలో కూలబడ్డ రోజులవి. షాపు మనవడు చూసుకుంటున్నాడు. వాణ్ణి అందరూ కత్తెర అంటారు. గుడ్డ ఎంత బాగా కత్తిరిస్తాడో, మాటలూ అంతగా కత్తిరించేస్తాడు. ఊరికే కూర్చోలేక నేను గొణుగుతుంటే, సాయంత్రాలు మిషన్ ఆపి నాకో నవల చదివి వినిపించడం మొదలుపెట్టాడు.

"ఏం నవలరా?"

"ప్రేమ కథ తాతా. పాతకాలం నాటిది. తెరచాప ఓడలు, తుఫాన్లు..."

"ఎక్కడ దొరికింది?"

"లైబ్రరీలో." ఆ ఒక్క మాట దగ్గర వాడి గొంతు మెత్తబడింది.

లైబ్రరీలో ఎవరున్నారో నాకు తెలుసు. కౌంటర్ దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళందరినీ "ష్..." అనే అబ్బాయి. అతనికి నిశ్శబ్దం అని పేరు పెట్టింది నేనే. ఈమధ్య రెండు రోజులకోసారి గుండీ ఊడిందంటూ మా షాపుకి వస్తున్నాడు. ఒక మనిషికి అన్ని గుండీలు ఊడటం నా సర్వీసులో నేనెక్కడా చూడలేదు.

సరే, నవల. ఒక ఓడ కెప్టెన్, సముద్రాల పటాలు గీసే ఒక అమ్మాయి. ఎదురుపడ్డ మొదటి రోజే ఇద్దరికీ గొడవ. ఆ అమ్మాయి తుఫానులో తెరచాప కొయ్య ఎక్కింది. నోరు జారిన వంటవాణ్ణి ఒక్క గుద్దుతో పడగొట్టింది. "గట్టి పిల్లరా!" అని మెచ్చుకున్నాను. చలికి కెప్టెన్ తన కోటు ఇస్తే, అది ఆమెకి భుజాల దగ్గర సరిగ్గా సరిపోయిందట. "వీడి నాయనమ్మలాగా భారీ మనిషి అయ్యుంటుంది" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కొలతలు తీసి బతికినవాణ్ణి సుమా!

ఓ సాయంత్రం రేకుల మీద వాన దంచుతోంది. మనవడు చదువుతున్నాడు.

"ఓడ ఊగిపోతోంది. కెప్టెన్ ఆమెను పీపా మీద కూర్చోబెట్టాడు. ముఖానికి సబ్బు నురుగు రాసి, కత్తి తీసి..." ఆగిపోయాడు.

"ఊఁ, తీసి?"

"తీసి... జడ వేశాడు."

"కత్తితో జడేంట్రా?"

"పాతకాలం కదా తాతా."

"మరి ముఖానికి నురుగు?"

"అదీ పాతకాలమే."

దానికీ తలూపబోతున్నాను. ఇంతలో గుమ్మం దగ్గర గొడుగు మూసిన చప్పుడు.

"జడ ఏ పేజీలో ఉంది?"

నిశ్శబ్దం గొంతు. అతను అంత గట్టిగా మాట్లాడగా వినడం అదే మొదలు.

"నువ్వెప్పుడొచ్చావ్?" మనవడు తడబడ్డాడు.

"పటాలు గీసేవాడు అమ్మాయి అయిపోయినప్పుడు. ఆ సీన్ నీ గొంతులో వినాలని వానలో పరుగెత్తుకొచ్చాను. ఆ పుస్తకమంతటికీ నాకు ప్రాణం ఆ పేజీ. ఒక మగవాడు గడ్డం గీయించుకుంటూ ఇంకో మగవాడి చేతిలో కత్తికి తన గొంతు అప్పగిస్తాడు. దాన్ని తీసుకెళ్ళి జడ చేశావ్."

"మెల్లగా. తాత ఉన్నాడు."

"నేనూ అదే అంటున్నా. తాతగారి ముందు కాగితం మీది మనిషినే దాచేశావ్. రేపు నన్నేం చేస్తావ్? నాకూ జడ వేస్తావా?"

గొడుగు మళ్ళీ విప్పుకున్న చప్పుడు. అతను ఆ గుమ్మం దిగితే ఇక గుండీల కోసం కూడా రాడని నాకు అర్థమైంది. మనవడు నోరు తెరవడని కూడా అర్థమైంది.

"ఆగు బాబూ," అన్నాను. "ఒరేయ్ కత్తెరా, నేను మొదటి రోజే పట్టేశానురా."

ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గు కూడా వేయలేదు. నిజానికి ఆ క్షణం దాకా నేనా పిల్లకి పెళ్ళిగౌను ఎలా కుట్టాలా అని ఆలోచిస్తున్నాను.

"తాతా... నీకు కోపం రాలేదా?"

"రాకేం! ఇంత మంచి ఘట్టాన్ని జడపాలు చేస్తావా? ఉన్నది ఉన్నట్టు చదువు. ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదువు."

బల్ల జరిగింది. గొడుగు మూలకి చేరింది. మనవడు ఆ పేజీ మళ్ళీ తీసి మొదలుపెట్టాడు.

"'భయంగా లేదా?' అన్నాడు కెప్టెన్. కింద సముద్రం ఎగిరెగిరి పడుతోంది. పటాలు గీసేవాడు తల వెనక్కి వాల్చాడు. 'సముద్రమంటే భయమే. నీ చెయ్యంటే కాదు.'"

నా చెయ్యి నాకు తెలియకుండానే నా గొంతు మీదికి వెళ్ళింది. కత్తి తగిలినట్టూ ఉంది, తగలనట్టూ ఉంది. పక్కన టీ చల్లారిపోయింది. పటాలవాడు అమ్మాయిగా ఉన్నన్నాళ్ళూ కథ బాగుందనుకున్నాను. అతను అతనిలా వచ్చి కూర్చున్నాకే నేను కూడా ఓడెక్కాను.

"ఊఁ, తర్వాత?"

"చాప్టర్ అయిపోయింది తాతా."

"ఏం బాబూ, చివరికి ఇద్దరూ ఒక్కటవుతారా?"

"చెప్పకూడదు తాతగారూ. లైబ్రరీ రూల్."

"అయితే రోజూ వచ్చి నాతోపాటు విను. గుండీలు తెంపుకుని రానక్కర్లేదు."

నిశ్శబ్దం పకపకా నవ్వాడు.

మా ఇంటివాళ్ళ చొక్కాలకి కాలర్ లోపల ఎర్రదారంతో ఒక కుట్టు వేయడం నా అలవాటు. "ఒరేయ్, ఆ అబ్బాయి కాలర్‌కి కుట్టు లేదు. వేసి పంపు" అన్నాను. మనవడు మిషన్ ముట్టలేదు. చేత్తోనే వేశాడు. ఒక్క కుట్టుకి ఎంతసేపు పట్టిందో అడక్కండి.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. వాన నిజం, కత్తితో జడ నిజం. రెండు కళ్ళకూ కట్టు అన్నది మాత్రం కోత. కట్టు ఒక కంటికే. రెండోదాన్ని చదువుతో అలసిపోనివ్వొద్దన్నాడు డాక్టరు, అంతే. ప్రేమించుకునేవాళ్ళకి కాస్త చాటుంటే బాగుంటుందని కలిపాను. వాళ్ళకి ఆ చాటు అక్కర్లేకపోయింది. "నీ చెయ్యంటే కాదు" అన్న మాట దగ్గర నా మనవడు పుస్తకంలోంచి తలెత్తి, తెరిచి ఉన్న నా కంట్లోకి సూటిగా చూస్తూ, ఆ అబ్బాయి చెయ్యి పట్టుకున్నాడు.