మూడో ఇంజెక్టరు

"మీ ఎడమకాలికి తొందరెక్కువ మేడం. క్లచ్ అలా వదిలేస్తే ఏ కారైనా ఆగిపోతుంది."

కళ్ళజోళ్ళ మేడంతో ఈ మాట అనని రోజు లేదు. మా నాన్న డ్రైవింగ్ స్కూల్లో నేను ఇన్‌స్ట్రక్టర్ని. ఆమె కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్ష చేస్తుంది. మొదటిరోజే ఇద్దరికీ తగువు. కారు ఆగి ఉన్నప్పుడు వణుకుతోందేమిటని ఆమె అడిగితే, వణికేది కారు కాదు, మీరు అన్నాను. అంత పొగరు నాకు. ఇప్పుడూ ఉందనుకోండి, కాస్త తగ్గింది.

లైసెన్స్ టెస్టులో రెండుసార్లూ ఎత్తు ఎక్కేచోట కారు ఆగిపోయి ఆమె ఫెయిలైంది. మూడో టెస్టు మంగళవారం. వాళ్ళ షాపువాళ్ళు స్కూళ్ళకు వెళ్ళి పిల్లల కళ్ళు చూడడానికి వ్యాన్ కొన్నారు. దాన్ని తనే నడుపుకుంటూ వెళ్ళి ఆ పనంతా చూసుకోవాలని ఆమె కోరిక. ఈసారీ లైసెన్స్ రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని యజమాని తేల్చి చెప్పాడట. ఆ సంగతి నాతో చెప్పుకున్నప్పుడు కూడా నేను క్లచ్ గురించే పాఠం పెట్టాను.

శుక్రవారం పొద్దున్న నాన్న చాలా రోజుల తర్వాత ఆ కారు తీశాడు. గేటు దాటేలోపు మూడుసార్లు ఆగిపోయింది. నలభై ఏళ్ళుగా స్టీరింగు పట్టిన మనిషి. దిగివచ్చి నిదానంగా అన్నాడు.

"జబ్బు కారుకిరా. ఆగబోతోందనగానే నీ కాలు దానంతటదే కాస్త యాక్సిలరేటర్ నొక్కేస్తోంది, అందుకే నీకు తెలియలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఆ కిటుకు ఎలా తెలుస్తుంది?"

నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటి ముందే పని మొదలుపెట్టాను. పెట్రోలు పంపు ఫ్యూజు తీసి, ఇంజను దానంతటది ఆగేదాకా తిప్పి, పైపుల్లో ప్రెషరు పోగొట్టాను. బ్యాటరీ వైరు విప్పి నాలుగు ఇంజెక్టర్లూ బయటికి లాగాను. వేలెడంత ఉంటుంది ఒక్కోటి. ఇంజన్లోకి పెట్రోలుని సన్నటి తుంపరగా చిమ్మడం దాని పని. క్లీనర్ స్ప్రే కొట్టి చూస్తే మిగతావి బాగానే చిమ్మాయి. మూడో నంబరుది మాత్రం చుక్కచుక్కగా కారింది. ఎంత కొట్టినా లొంగలేదు. ఇక నీళ్ళని వణికించి మురికి వదలగొట్టే అల్ట్రాసోనిక్ మెషినే దిక్కు. అలాంటిది నాకు తెలిసి ఒక్కచోటే ఉంది. అక్కడ దాంతో కళ్ళజోళ్ళు కడుగుతారు.

వానలో తడుస్తూ వెళ్ళి నాలుగింటినీ ఆమె కౌంటరు మీద పెట్టాను. ఇవి ఎవరి కారువని అడిగింది. ఫ్రెండు కారువని నోటిదాకా వచ్చింది కానీ ఆ మొహం చూస్తూ అబద్ధమాడడం నావల్ల కాలేదు.

"మీరు రెండుసార్లు ఫెయిలైన కారువి," అన్నాను. "తప్పు దానిది. మీ కాలిది కాదు."

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

"బస్సులో కూర్చుని కూడా క్లచ్ వదలడం ప్రాక్టీసు చేశానండీ. పక్కసీటు ఆవిడ, ఏమ్మా కాలు నొప్పా అని అడిగింది."

పెట్రోలు కంపు కొట్టే వాటిని కస్టమర్ల అద్దాలు కడిగే మెషిన్లో, అందులోనూ నీళ్ళు వేడి చేసేదాంట్లో, వెయ్యనని కచ్చితంగా చెప్పేసింది. స్టోరు రూములో వేడిచేయని పాత మెషిను ఉందని, ఆదివారం తనే తెస్తానని కూడా చెప్పింది. అది నా కోసమనుకుని మురిసిపోవద్దంది. నేను అప్పటికే మురిసిపోయాను.

ఆదివారం మా ఇంటి ముందు పెత్తనమంతా ఆమెదే. బాగా ఆరబెట్టిన ఇంజెక్టర్లను సబ్బు నీళ్ళలో మూతి కిందికి పెట్టి మెషిను ఆన్ చేసింది. నల్లటి మురికి తీగలు తీగలుగా దిగింది. తర్వాత కంటికి భూతద్దం పెట్టుకుని ఒక్కో మూతీ పరీక్షించింది. మూడోదాంట్లో ఒక రంధ్రం ఇంకా మూసుకునే ఉందంటే మళ్ళీ వేశాం. చిన్న బ్యాటరీ తగిలించి నేను స్ప్రే కొడితే, ఈసారి మూడోది కూడా చక్కగా తుంపర చిమ్మింది. ఆమె మొహంలో వెలుగు చూసి నేను స్ప్రే ఆపడం మరిచిపోయాను.

కొత్త రబ్బరు రింగులకు చుక్క ఇంజనాయిలు రాసి అన్నీ బిగించాను. కారు స్టార్టయింది. వణుకు లేదు.

"క్షమించండి," అన్నాను. "ఇంకో మాట కూడా చెప్పాలి. మీరు ఫెయిలైనప్పుడల్లా బాధగా మొహం పెట్టాను కానీ, ఇంకో నెల వస్తారు కదా అని లోపల సంతోషపడ్డాను. మీరంటే నాకు ఇష్టం. అందుకే ఆ తప్పు ఇంకా పెద్దది."

ఆమె చేతులు తుడుచుకుని, మంగళవారం ఎనిమిదింటికల్లా కారు తెమ్మని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది.

మంగళవారం టెస్టులో, రెండుసార్లు ఆగిపోయిన ఆ ఎత్తు మీదే కారు నిలబడి, మళ్ళీ నెమ్మదిగా కదిలి పైకెక్కింది. కాసేపటికి ఆమె కాగితం పట్టుకుని ఆఫీసులోంచి బయటికొచ్చింది. నావైపు చూడకుండా తిన్నగా డ్రైవరు సీట్లో కూర్చుని పక్క తలుపు తెరిచింది.

"ఎక్కు," అంది.

మూడు నెలలుగా మీరు, అండీ అన్న మనిషి. ఎక్కాను. నేర్పేవాళ్ళ కార్లో పక్కసీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. అలవాటు కొద్దీ నా కాలు దాని మీదికి పోయింది. ఆమె చూసింది.

"కాళ్ళు పైకి పెట్టుకో. ఇక నేను నీ స్టూడెంట్‌ని కాదు."

బూట్లు విప్పి బుద్ధిగా మఠం వేసుకుని కూర్చున్నాను. ఎక్కడికని అడిగాను.

"మీ నాన్నగారి దగ్గరికి. లైసెన్స్ వచ్చిందని నేను చెప్తాను. మనిద్దరి సంగతి నువ్వు చెప్తావా, అది కూడా నేనే చెప్పనా?"

"నేనే చెప్తా. కాస్త నెమ్మదిగా పోనీ, మాటలు కూడదీసుకోవాలి."

ఆమె గేరు మార్చి స్పీడు పెంచింది.