మందణ్ణగారి పడకగది గోడ

మడికేరిలో ఆషాఢపు వాన మొదలైతే చెప్పులకూ, బెల్టులకూ, పెట్టెలోని పట్టుచీరలకూ బూజు పట్టడం మామూలే. అందుకే ఆ రోజు డిటెక్టివ్ చోందమ్మ ఆఫీసుకు వచ్చిన బొళ్ళమ్మ బూజు మాటే ఎత్తలేదు. విషం గురించి చెప్పింది.

తడిసిన గొడుగును ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. చోందమ్మ సహాయకుడు కుశాలప్ప దాన్ని తీసి మూలన పెట్టాడు. బొళ్ళమ్మ మామగారు మందణ్ణకు వానలు పడ్డప్పటి నుంచీ ఆయాసం. రెండుసార్లు ఆస్పత్రిలో చేర్చారు. అక్కడ తేరుకుంటాడు, ఇంటికి రాగానే మళ్ళీ ఊపిరి అందదు. ఇప్పుడూ ఆస్పత్రిలోనే ఉన్నాడు. ఇంట్లో వండేది బొళ్ళమ్మ ఒక్కతే. ఇక పక్కింట్లో కాపురముంటున్న ఆడపడుచు తంగమ్మకు అనుమానం పుట్టింది.

"గంజిలో నేనేదో కలుపుతున్నానంట అక్కా. రేపు పోలీసుల దగ్గరికి వెళ్తానంటోంది. వాళ్ళాయన ఊళ్ళో ఇంటింటికీ ఇదే చెప్పి వస్తున్నాడు. మా ఆయన సరిహద్దులో ఉన్నాడు, ఫోను కూడా దొరకదు."

"ఆస్పత్రిలో ఆయనకి తిండెవరు పెడుతున్నారు?" అంది చోందమ్మ.

"నేనే. ఆ గంజే పట్టుకెళ్తున్నా. బయటిది ఆయనకి పడదు."

చోందమ్మ ఇంకేమీ అడగకుండా రెయిన్‌కోటు అందుకుంది. ఆ జవాబులో ఏముందో కుశాలప్పకు జీపులో సగం దూరం వెళ్ళాకగానీ తట్టలేదు. అదే చేతి వంట తింటూ ఆస్పత్రిలో కోలుకుంటున్నవాడికి విషం వంటలో ఎలా ఉంటుంది?

వాళ్ళు వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. మందణ్ణ గది కిటికీలు బిగించి ఉన్నాయి. మనిషి లేకపోయినా గంధపు అగరొత్తి వెలుగుతోంది. వానజల్లు కొట్టే పడమటి గోడ మీద అక్కడక్కడా నల్లచుక్కలు, అంతే. మంచం తలవైపు మాత్రం లోపలి గోడ. దానికి నిలువెత్తున మెరిసే చెక్కపలకలు బిగించి ఉన్నాయి. మంచం ఆ పలకలకు ఆనుకునే ఉంది. గోడకు అవతల స్నానాలగది.

కుశాలప్ప వరసగా తుమ్మాడు. కళ్ళు మండాయి.

"మేకులు చూడు," అంది చోందమ్మ.

అన్నీ తుప్పుపట్టి గోధుమరంగు తిరిగాయి. మంచం వెనక పలకకున్నవి మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి. ఎవరు కొట్టారని అడిగితే బొళ్ళమ్మ తంగమ్మ భర్త ఉత్తయ్య పేరు చెప్పింది. అతను ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు. స్నానాలగదికి కొత్త గొట్టం వేసి, దాని మీద ఈ పలకలు అతనే వేయించాడు. వానలు పట్టిన కొత్తలో పలక వదులైందని వచ్చి, తలుపు వేసుకుని తానే బిగించి వెళ్ళాడట. అగరొత్తులు తెచ్చిచ్చేదీ అతనే.

వంటింట్లో ఉత్తయ్య కూతురు బడి బట్టలతోనే కూర్చుని, బొళ్ళమ్మ ఆవిరి మీద ఉడికించిన కడంబుట్టు ఉండలు తింటోంది. తల్లి బ్యాంకు నుంచి వచ్చేదాకా నాన్న రోజూ తనని ఇక్కడే దింపి వెళ్తాడని నోటినిండా ముద్దతోనే చెప్పింది.

ఉత్తయ్య వచ్చాక చోందమ్మ నెమ్మదిగానే ప్రశ్నలు వేసింది. అతను తడుముకోకుండా జవాబులిచ్చాడు. మామగారంటే తనకు ప్రాణమన్నాడు. బొళ్ళమ్మ మీద తన భార్య అనుమానం ఊరికే పుట్టలేదన్నాడు.

"మీ పాప తాతయ్య పక్కనే పడుకునేదట కదా?"

"వానలు పడ్డప్పటి నుంచీ మానిపించేశాను. ఈవిడ చేతిలో ఏముందో ఎవరికి తెలుసు? భయం ఉండదా మేడమ్?"

కుశాలప్ప నోరు తెరవబోయాడు. చోందమ్మ చూపు అతన్ని ఆపింది. తర్వాత ఆమె వరండాలోకి వెళ్ళి ఆస్పత్రి డాక్టరుతో ఫోనులో చాలాసేపు మాట్లాడింది.

సాయంత్రం తంగమ్మ బ్యాంకు నుంచి రాగానే ముగ్గురినీ మందణ్ణ గదిలోకి పిలిచింది. తంగమ్మ బొళ్ళమ్మ ఉన్న వైపు తల కూడా తిప్పలేదు.

"మీ నాన్నగారి జబ్బుకి కారణం తిండి కాదు," అంది చోందమ్మ ఆమెతో. "ఆస్పత్రిలో తినేది కూడా ఈమె గంజే. మారుతున్నది గది ఒక్కటే. ఈ సంగతి మీలో ఒకరికి ముందే తెలుసు." ఉత్తయ్య వైపు తిరిగింది. "ఈమె వంటంటే భయమన్నారు. అయినా మీ పాపకి రోజూ ఈమె చేతే తినిపిస్తున్నారు. ఈ గదిలో మాత్రం పడుకోనివ్వరు. వంటకి లేని భయం గదికెందుకొచ్చింది?"

తంగమ్మ భర్త కేసి చూసింది. "పాప ఇక్కడ తింటోందా?"

అతను వంగి అగరొత్తి నుసి దులిపాడు.

చోందమ్మ సైగ చేయగానే కుశాలప్ప ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని కొత్త మేకులున్న పలక సందులో గడ్డపార దూర్చాడు. పలక ఊడి మంచం మీద పడింది. తడిసిన మట్టికంపు గుప్పుమంది. గోడ కింది నుంచి పైదాకా నల్లటి బూజు నూగుతో నిండిపోయి ఉంది. మధ్యలో పగిలిన పాత గొట్టం నుంచి నీరు చెమటలా దిగుతోంది.

"కొత్త గొట్టం వేశానని చెప్పి పాతదాని మీదే పలకలు కొట్టారు," అంది చోందమ్మ. "గాలి లేదు, తడి ఆరదు. ఇక బూజుకేం కావాలి? దాని పొడి రాత్రంతా ఆయన ఊపిరితిత్తుల్లోకి పోతోంది. పలక విప్పి చూసి కూడా మళ్ళీ మూసేశారు. కంపు తెలియకుండా అగరొత్తులు పెట్టారు."

ఉత్తయ్య మంచం అంచున కూలబడ్డాడు. కొత్త లాడ్జిలో గదులన్నిటికీ పలకలు వేసే పని ఖాయమయ్యేలా ఉందనీ, సొంత మామ ఇంట్లోనే ఇలా అయిందని తెలిస్తే అది పోతుందనీ గొణిగాడు. వానలు తగ్గాక చేయిద్దామనుకున్నాడట.

"ఈలోపు నా చేత బొళ్ళమ్మ మీద కేసు పెట్టిద్దామనుకున్నావా?" అంది తంగమ్మ. గొంతు పెద్దది చేయలేదు. బొళ్ళమ్మ గోడ వైపే చూస్తూ ఏడ్చింది.

ఆ వారంలో గొట్టం మార్చారు. బూజును పొడిగా గీకితే ఇల్లంతా పాకుతుందని చోందమ్మ ముందే హెచ్చరించింది. అందుకే ముక్కులకు గుడ్డలు కట్టుకుని, సబ్బునీళ్ళతో తడిపి, నానిన గారను చెక్కి సంచుల్లో మూటగట్టారు. రంగు పూసి కప్పేయవద్దనీ, వేసవి దాకా ఆ గోడను అలాగే వదిలేయాలనీ చెప్పింది. మందణ్ణను డాక్టరు ఇంటి ముందువైపున్న, గాలి తగిలే గదిలోకి మార్పించాడు.

ఇంటికొచ్చిన పెద్దాయన అల్లుణ్ణి తిట్టలేదు. కోడలి గురించి ఏయే ఇళ్ళలో చెప్పాడో ఆ ఇళ్ళన్నిటికీ వెళ్ళి నిజం చెప్పి రమ్మన్నాడు. సాక్షిగా కుశాలప్పను వెంట పంపమని చోందమ్మను అడిగాడు. ఎవరూ పిలవకుండానే తంగమ్మ కూడా బయల్దేరింది.

మొదటి ఇంటి వరండాలో ఉత్తయ్య గొడుగు దులుపుకుంటూ, ఏదో చిన్న పొరపాటు జరిగిందని మొదలుపెట్టాడు. లోపలి నుంచి నలుగురైదుగురు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"పొరపాటు కాదు," అంది తంగమ్మ. "మొదటి నుంచి చెప్పు."

అతను మొదటి నుంచి చెప్పాడు.