మందు తాగే టైమ్

సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట ఇరానీ హోటల్లో సత్యదేవ్ కాలు ఒక్కచోట నిలవడం లేదు. ఏసీ మెకానిక్ వేషం, ఒళ్లో టూల్ బ్యాగ్. ఎదుటి కుర్చీలో ముసలాయన పేపర్ మడిచాడు.

"చాయ్‌లో చక్కెర ఎక్కువైంది."

"మలాయి తక్కువైంది."

కోడ్ కలిసింది. ముసలాయన ఎవరో కాదు, గూఢచారి విభాగం చీఫ్ రామభద్రరావు.

"బేగంపేట కంపెనీ ఒకటి ఆన్‌లైన్ గేమ్ నడుపుతోంది. ఆటగాళ్లు కొట్టుకుంటూ గాయం మానడానికి మందు తాగుతారు. విదేశీ ముఠా ఆ మందులో దొంగ కోడ్ పెట్టింది. గుటక పూర్తయితే చాలు, తాగినవాడి ఫోన్ ఎక్కడుందో వాళ్లకు తెలిసిపోతుంది. సాయంత్రం అప్‌డేట్‌తో మందు బలం మూడింతలు. తాగనివాడు గెలవడు."

"అంటే అందరూ తాగుతారు."

"ఈ రాత్రి మిలిటరీ స్పెషల్ రైల్లో వెళ్లే జవాన్లతో సహా. దారిలో ఆ బండిని పేల్చాలని ప్లాన్."

"గేమ్ ఆపేద్దాం."

"ఆపితే ముఠా ఇంకో దారి వెతుక్కుంటుంది. మందు బలంగానే కనబడాలి, ఎవడూ తాగకూడదు. లోపల మన ఏజెంట్ డోరా ఉంది. రైలు సంగతి ఆమెకు చెప్పలేదు."

పాము చావాలి, కర్ర విరగకూడదు. పెద్దాయనకేం, చెప్పి చక్కాపోయాడు!

బేగంపేట ఆఫీసులో మందుల బలాబలాలు సరిచూసే డిజైనర్ రజిత. విషయం విని ఆమె ముఖం పాలిపోయింది.

"మా తమ్ముడు భాను గా బండిలనే పోతుండు సార్. బలం తగ్గిస్తా."

"తగ్గిస్తే ముఠా గేమ్ స్క్రీన్ మీద చూస్తుంది."

"మరి నేనేం జెయ్యాలె?"

అంతలో అత్తరు ఘుమఘుమలతో, పట్టుచీరలో డోరా వచ్చింది.

"బలం అలాగే ఉండనీ రజితా. స్పెషల్ కదిలేలోగా అప్‌డేట్ వెళ్లిపోవాలి."

స్పెషల్. ఆ మాట ఆమెకు ఎవరు చెప్పారు? సత్యదేవ్ చూపు పసిగట్టి డోరా లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల ఉన్నది సూది. అతను ఆమె మణికట్టు మెలిపెట్టి, కుర్చీకి బేడీ వేశాడు.

"నన్ను పట్టుకుంటే ఏం లాభం?" డోరా నవ్వింది. "అప్‌డేట్ దానంతటదే వెళ్తుంది."

నిజమే. స్క్రీన్ మీద నీలం గీత నిండిపోతోంది. రజితకు దుఃఖం పొంగుకొచ్చింది. సత్యదేవ్ బల్ల మీది చాయ్ ఆమె చేతికిచ్చాడు. తొందరలో గుటక వేసి ఆమె నాలుక కాల్చుకుంది.

"సార్." ఆమె కప్పు పక్కన పడేసింది. "చాయ్ సుత ఊదుకుంట తాగాలె. మందేమో గటగట తాగనిస్తున్నం. బలం ముట్టను. తాగే టైమ్ పెంచుతా, అది స్క్రీన్ మీద కనబడదు."

"పెంచితే?"

"నిలబడి తాగుతుంటే ఎదుటోడు ఊకుంటడా? సగంల్నే సంపుతడు."

అర సెకను చెరిపి పది సెకన్లు కొట్టింది. ఎంటర్ నొక్కగానే నీలం గీత నిండింది. డోరా నవ్వు ఆగిపోయింది.

తెల్లారి స్పెషల్ క్షేమంగా చేరింది. రజిత ఫోన్ మోగింది.

"ఏం గేమ్ అక్కా మీది? మందు తాగుతుంటే నిలబెట్టి సంపిండ్రు. మా బోగీల ఒక్కడు సుత పూరా తాగలే. పరేషాన్ చేసిండ్రు. అందరం ఒక్కటే స్టార్ ఇచ్చినం."

రజిత ఏడుస్తూ నవ్వింది. "మంచి పని చేసిండ్రు రా."

సత్యదేవ్ చీఫ్‌కు ఫోన్ చేశాడు. "మిషన్ సక్సెస్ సార్. గేమ్ రేటింగ్ మాత్రం ఒక్క స్టార్."