పెరిగిన నంబరు

జ్వరం ఒంటితోనే చిలుకమ్మ పొద్దున్నే మగ్గం ముందు కూర్చుంది. వద్దంటే వినే మనిషైతే ఆమె చిలుకమ్మ ఎందుకవుతుంది? మగ్గం వెనక గోడ మీద ఆమె బొగ్గుతో రాసుకున్న నాలుగు నంబర్లున్నాయి. 48, 96, 187, 212. ఐదేళ్లలో ఇంటికి రెండుసార్లు సున్నం వేశారు గానీ, ఆ జానెడు గోడను ఆమె ఎవర్నీ ముట్టనివ్వలేదు. దవాఖాన ల్యాబ్‌లో పనిచేసే కూతురు స్రవంతి మాత్రం అటు చూడకుండానే టీ ఇచ్చి వెళ్తుంది. చూస్తే తండ్రి దగ్గు వినిపిస్తుంది.

కరోనా రెండో వేవ్‌లో తండ్రి వెంకట్రాజం దవాఖానలో ఆక్సిజన్ మీద ఉన్నప్పుడు రక్తపరీక్షల్లో వచ్చిన సీఆర్పీ నంబర్లవి. రోజూ రిపోర్టు చూసి స్రవంతే ఫోన్లో చెప్పేది. "నలభై ఎనిమిది ఉండె, తొంభై ఆరైందమ్మా" అనగానే, "పెరిగిందా! మల్లన్న సల్లగ సూసిండు!" అని చిలుకమ్మ మురిసిపోయింది. మార్కులు పెరిగినట్టు అనుకుంది పిచ్చితల్లి. కాదని చెప్పడానికి స్రవంతికి నోరు పెగల్లేదు.

అల్లుడు సుదర్శన్ ఫోన్ చూస్తూ లోపలికొచ్చాడు. "అత్తమ్మా, నీ రక్తం రిపోర్టు వచ్చింది. సీఆర్పీ మొన్న పన్నెండు, ఇయ్యాల ముప్పై."

"పెరిగింది గదా, ఇగ ఫికర్ లేదు."

"అయ్యో, పెరిగితే మంచిది కాదత్తమ్మా! ఒంట్ల వాపు ఎక్కువైనట్టు. అది తగ్గాలె."

స్రవంతి వంటింట్లోంచి పరుగున వచ్చింది. అప్పటికే మగ్గం ఆగిపోయింది. చిలుకమ్మ గోడ వైపే చూస్తోంది.

"నీకెరికేనా?"

"ఎరికేనమ్మా."

"ఎరికై ఉండి చెప్పలేదా? తొంభై ఆరన్ననాడు పక్కింటోళ్ల గడపల మీద శక్కెర పొట్లాలు పెట్టొచ్చిన. నూట ఎనభై ఏడన్ననాడు కడుపునిండ తిన్న. రెండొందల పన్నెండన్ననాడు ఫోన్ జేసి, ఇగ గెలిచినవయ్యా అన్న. ఆయన ఏమన్నడో యాదికున్నదా?"

యాదికెందుకు లేదు? ఆయన చెవి దగ్గర ఫోన్ పట్టుకున్నది స్రవంతే. "బడిల ముప్పై అయిదు దాటలేదే నాకు, ఇప్పుడు సూడు" అని మాస్కులోంచి నవ్వాడు. మర్నాడు పొద్దున పోయాడు. ఆ నవ్వు స్రవంతిని ఐదేళ్లుగా నిద్రపోనివ్వడం లేదు.

"పెనిమిటి సస్తాంటే సంబురపడ్డదాన్ని జేసినవ్ కదనే నన్ను!"

"ఊకో అత్తమ్మా..."

"నువ్వూకో బిడ్డా. ఇది నాకూ దానికీ."

స్రవంతి గోడకు ఆనుకుని కూలబడింది. "నువ్వు నవ్వుతాంటే నాకు నోరు రాలేదమ్మా. రేపు తగ్గుతది, అప్పుడు చెప్దామనుకున్న. తగ్గలే."

చిలుకమ్మ గోడ మీంచి చూపు తిప్పింది. కూతురి వంక చూసి, చూసి అడిగింది. "ఆ నాలుగొద్దులు నువ్వు తిన్నవా?"

స్రవంతి అడ్డంగా తలూపింది.

"ఏడ్సినవా?"

"ల్యాబ్ బాత్రూముల."

చిలుకమ్మ గుండె చెరువైంది. నాలుగు రోజులు తను నవ్వుతూ తిరిగితే, ఈ పిల్ల ఇద్దరి ఏడుపూ ఒక్కతే ఏడ్చింది. చేయి పట్టి లేపి పక్కన కూర్చోబెట్టుకుంది. "సదువు. మొదటికెల్లి సదువు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పు. నా ఏడుపు నేను ఏడ్వద్దా?"

స్రవంతి ఐదేళ్లలో మొదటిసారి ఆ గోడను నిండుగా చూసింది.

"నలభై ఎనిమిది. బాపుకు మంచిగలేదమ్మా."

చిలుకమ్మ ఆమె చేతిని గట్టిగా పట్టుకుంది.

"తొంభై ఆరు. పెరిగింది. మంచిది కాదమ్మా."

"అయ్యో దేవుడా," అంటూ చిలుకమ్మ ఆనాడు ఏడవాల్సిన ఏడుపు మొదలుపెట్టింది.