ఒక గీత ఎక్కువైన విరుగుడు

గూఢచారి శాఖ చీఫ్ పొద్దున్న కాఫీ తాగి, కప్పు కింద పెట్టేలోగా కుర్చీలోంచి ఒరిగిపోయాడు. ఒరుగుతూ కూడా ఫైలు మీద సంతకం పూర్తి చేశాడని శాఖలో చెప్పుకుంటారు. నమ్మడం మానడం మీ ఇష్టం.

మధ్యాహ్నం మూడింటికి డిప్యూటీ ఏజెంట్ ముంగిసను పిలిపించాడు.

"చీకటి పడేలోగా విరుగుడు ఎక్కించకపోతే ఆయన దక్కడు. మన ల్యాబ్‌లో తయారుచేశారు. టెస్టులో ఏదో కల్తీ కనిపిస్తోంది. శత్రువుల మనిషి లోపలే ఉంది."

"అనుమానం ఎవరి మీద?"

"చేసిన కెమిస్టు మీద."

"ఆవిడ మా అక్క, సార్."

"తెలుసు. నువ్వే సంకెళ్లు వేస్తే ఇంకెవరూ నోరెత్తరు."

ముంగిస మెకానిక్ వేషంలో ల్యాబ్‌కి చేరాడు. మందులో ఏమేం కలిశాయో తెర మీద గీతలుగా చూపించే ఎన్ఎమ్ఆర్ మెషిన్ గది ముందు గార్డు ఆపాడు.

"లోపల పెద్ద అయస్కాంతం ఉందండీ. ఇనుము ఏదున్నా ఇక్కడే పెట్టాలి. పోయినేడాది ఒకాయన తాళాల గుత్తితో వెళ్తే గుత్తీ, జేబూ, ప్యాంటూ మెషిన్‌కి అతుక్కుపోయి, ఆయనొక్కడే ఇంటికెళ్లాడు."

పిస్తోలు, కెమెరా వాచీ, సంకెళ్లు, ట్రాన్స్‌మిటర్ దాచిన బెల్టు, అన్నీ బల్ల మీదికి చేరాయి. మన వీరుడు ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని లోపలికి నడిచాడు.

అక్క తెర మీంచి చూపు తిప్పలేదు. "మీసం ఊడుతోంది, అదుముకో."

"ఎలా గుర్తుపట్టావే?"

"అచ్చం నాన్న నడకే. దానికి వేషం వెయ్యడం నేర్పలేదా మీవాళ్లు?"

దూరపు మూల ఒక అందగత్తె కూర్చుని ఉంది. సిల్కు స్కార్ఫు, నున్నటి పెద్ద ముడి. మిత్రదేశం పంపిన నిపుణురాలట, మధ్యాహ్నం దిగింది. మెషిన్ దగ్గరికి మాత్రం రావడం లేదు. అది ముంగిసకు నచ్చలేదు. అక్క మందు సీసాని ఎవరికీ ఇవ్వకుండా తన పక్కనే పెట్టుకుంది. అదీ నచ్చలేదు.

"మూడుసార్లు చూశాన్రా. ప్రతిసారీ ఈ గీత ఒకటి ఎక్కువ," అంది అక్క. "ఆవిడ తెచ్చిన మందు శాంపిల్ మాత్రం కడిగిన ముత్యంలా ఉంది."

"అసలు మందు విమానంలో వస్తోంది," అంది అందగత్తె తీయగా. "ఫెయిలైన మందు పారబోయాలని మీ రూలే కదా."

రూలు రూలే. అక్క కళ్లు తుడుచుకుని మందు సీసా మూత తీసి, తొట్టి మీద వంచబోయింది.

"ఆగక్కా. మందు లేకుండా, దాన్ని కరిగించే ఉత్త సాల్వెంటు ఒక్కటే ట్యూబులో పోసి పెట్టు."

"పొద్దున్నే చూశాను. శుభ్రంగా ఉంది."

"పొద్దున్న ఈవిడ లేదుగా."

అక్క ట్యూబు దించింది. గదిలో అందరూ ఒకరినొకరు దొంగచూపులు చూసుకుంటుండగా తెర మీద బొమ్మ తేలింది. మందు చుక్క లేదు. గీత మాత్రం ఉంది.

"పాడైంది సాల్వెంటు, మందు కాదు," అంది అక్క నెమ్మదిగా.

అందగత్తె నవ్వింది. "ఎవరిదో పొరపాటు. నన్ను చూస్తారేం?"

"ఈ గదిలో అందరూ పోసుకునేది ఒకే సీసాలోంచి," అన్నాడు ముంగిస. "మరి మీ శాంపిల్‌లో ఆ గీత ఎందుకు రాలేదమ్మా?"

"నా సాల్వెంటు నేనే తెచ్చుకున్నాను."

"ఇందులో కల్తీ ఉందని ముందే తెలిసినట్టుందే."

నవ్వు ఆరిపోయింది. ఆమె ఒక్క ఉరుకున మెషిన్ పక్కనున్న మందు సీసా మీదికి వచ్చింది. ముడిలో దాచిన ఉక్కు సూదిని మెషిన్ ఊరుకోనిస్తుందా? సూది ఎగిరింది. సూదితో ముడీ, ముడితో విగ్గూ వెళ్లి మెషిన్‌కి అతుక్కున్నాయి. చెయ్యి తగిలి సీసా ఒరిగింది. ముంగిస రెండు చేతులా పట్టుకున్నాడు. ప్యాంటు సంగతి అడక్కండి.

పొద్దు వాలుతుండగా విరుగుడు చీఫ్ నరంలోకి ఎక్కింది. ఆయన కళ్లు తెరిచాడు.

"నిజం చెప్పరా," అంది అక్క ఆసుపత్రి మెట్లు దిగుతూ. "నాకు సంకెళ్లు వేసేవాడివేనా?"

"అనుమానించడం నా ఉద్యోగమే అక్కా."

అక్క అతన్ని ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టింది. అతను చెయ్యి పెట్టబోయేసరికి, అతని కంచంలోంచే ఒక ముద్ద తీసుకుని నిదానంగా నమిలి మింగింది.

"ఇక మీరు తినొచ్చు, ఆఫీసరు గారూ."