మీరే ఒకసారి నడిపి చూడండి

మేడ్చల్ హైవే పక్కన ఉన్న ఆ కార్ల వర్క్‌షాపులో పరమేష్ సూపర్‌వైజరు. బండి లోపలికి రాగానే జాబ్‌కార్డు రాసేది అతనే, బాగయిందని సంతకం పెట్టి పంపేదీ అతనే. కార్డు అడుగున ‘రోడ్ టెస్ట్’ అని ఒక గడి ఉంటుంది. బండిని శామీర్‌పేట దాకా నడిపి, తిరిగొచ్చాక అందులో ఓకే అని రాయాలి. పరమేష్ కుర్చీలోంచి లేవకుండానే రాసేవాడు. లోపం ఉందంటే వారంటీ కింద కొత్త సామాను తెప్పించాలి, కంపెనీకి వంద జవాబులు చెప్పుకోవాలి. ఎందుకొచ్చిన గొడవ! ఏళ్ళ తరబడి అలాగే రాశాడు. ఎన్నడూ ఏమీ కాలేదు గనక, అది తప్పన్న సంగతే మరిచిపోయాడు మహానుభావుడు.

2003 వానాకాలంలో పార్వతీదేవి అనే ఆవిడ భర్తతో కలిసి మూడుసార్లు వచ్చింది. భీమవరం వైపు మనుషులు. భర్త బుల్లిబాబుకి జీడిమెట్లలో ఉద్యోగం. ఆయన ఒట్టి మొహమాటస్తుడు, మాట్లాడేదంతా ఆవిడే. తలనొప్పి మనిషి కాబోలు, వచ్చినప్పుడల్లా కౌంటరు దగ్గర అమృతాంజనం వాసన గుప్పుమనేది.

“బ్రేకు నొక్కితే ఒక్కోసారి పెడలు అడుక్కి పోతోందండీ” అనేది. మూడోసారి మాత్రం దణ్ణం పెట్టినంత పని చేసింది. “మీరే ఒకసారి నడిపి చూడండి బాబూ. కూర్చునే చెప్పేస్తే ఎలాగండీ?”

“కొత్త బండి గట్లనే ఉంటదమ్మా. అలవాటయితది. పరేషాన్ కాకుండ్రి” అన్నాడు పరమేష్.

రోడ్ టెస్ట్ ఓకే. కింద సంతకం.

నాలుగు రోజులకి శామీర్‌పేట చెరువు కట్ట దిగే దగ్గర, ఆగివున్న కంకర లారీ వెనక్కి ఆ కారు దూసుకుపోయింది. బుల్లిబాబు కాలు విరిగి బతికాడు. వెనక సీట్లో బెల్టు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్న పార్వతీదేవి బతకలేదు. పోలీసులొచ్చి అడిగితే పరమేష్ కార్డు తీసి చూపించాడు. ఓకే అని రాసి ఉందిగా! తప్పంతా నడిపినవాడిదేనని తేల్చేశారు. ఆ పూట పరమేష్ ఇంటికెళ్ళి కడుపునిండా అన్నం కూడా తిన్నాడు.

నుజ్జయిన ఆ కారుని వర్క్‌షాపు యజమాని చవగ్గా కొని, సొట్టలు తీయించి, మెరూన్ రంగు మీద తెలుపు కొట్టించాడు. వారంటీ రిపేరుకి బండి అప్పజెప్పినవాళ్ళకి, అది తయారయ్యేదాకా తిప్పుకోమని దీన్నిచ్చేవాడు. పనివాళ్ళు దాన్ని బదులు కారు అనేవారు. దాన్ని తీసుకెళ్ళిన వాళ్ళెవరికీ చిన్న గీత కూడా పడలేదు. కానీ తిరిగి ఇచ్చేటప్పుడు అందరిదీ ఒకే ప్రశ్న. వెనక సీటు బెల్టు ఎన్నిసార్లు తీసినా మళ్ళీ పెట్టి ఉంటోందేమిటి? లోపల ఆ అమృతాంజనం వాసనేమిటి?

పరమేష్ నవ్వి ఊరుకునేవాడు. నవ్వేవాడు గానీ, రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ కారులో కూర్చోలేదు.

2005 ఆగస్టులో ఒక శనివారం. నాగారంలో పరమేష్ వదినగారి కొత్తింటి గృహప్రవేశం. పరమేష్ సొంత కారు గేరుబాక్సు పాడై, వారంటీలో అదే వర్క్‌షాపులో పడి ఉంది. “బస్సుల పోండ్రి” అని భార్య వినోదకి గట్టిగా చెప్పి, పని మీద జీడిమెట్ల వెళ్ళాడు. సాయంత్రం ఆరింటికి జోరువానలో తిరిగొచ్చేసరికి పనివాళ్ళంతా వెళ్ళిపోయారు. వాచ్‌మన్ మల్లేశం ఒక్కడే గేటు దగ్గర ఉన్నాడు. షెడ్డులో బదులు కారు ఉండే చోటు ఖాళీగా ఉంది.

“గా బండేది?”

“పొద్దుగాల వినోదమ్మ, ఆమె తమ్ముడు బాలేషు, పాప తీస్కపోయిండ్రు సార్. పెద్దసారుకు ఫోన్ జేసి అడిగిన్రు. మీకు ఎరికేననుకున్న.”

పరమేష్ గబగబా ఆఫీసు గదిలోకి పోయి, కౌంటరు మీది ఫోన్లోంచి బాలేష్ సెల్లుకి కొట్టాడు.

“వాపసొస్తున్నం బావా. కీసర దాటి శామీర్‌పేటకు దగ్గర్ల ఉన్నం. బండి మస్తుగున్నది. ఎందుకు భయపడ్తవో ఏమో!”

వెనకనుంచి శృతి కిలకిల నవ్వు వినబడింది. పరమేష్ కూతురు, ఏడేళ్ళది. “నాయినా, నేను ముంగటికి రాను. ఈన్నే మంచిగున్నది!”

“ఎవ్వలతోని నవ్వుతాంది?”

“ఎవ్వలున్నరు? అక్క నా పక్కకే కూసున్నది. వెనక పాప ఒక్కతే. ఒక్కతే ముచ్చట వెట్టుకుంటాంది.”

“బండి ఆపు! దిగుండ్రి జల్దీ! బాలేష్...”

లైను తెగింది. కరెంటు కూడా అప్పుడే పోయింది.

రేకుల మీద వాన హోరు. కిటికీలోంచి వచ్చే మసక వెలుతురు కౌంటరు దాకా కూడా చాలడం లేదు. పరమేష్ మళ్ళీ నంబరు కొట్టబోయి ఆగిపోయాడు.

వాసన.

ముందు సన్నగా వచ్చింది. తరవాత కళ్ళు మండేంత. అమృతాంజనం...

కౌంటరు అవతలి కుర్చీ కిర్రుమంది. ఎవరో కూర్చున్నారు. చీర కొంగు నుంచి నీళ్ళు బొట్టుబొట్టుగా నేల మీద పడుతున్న చప్పుడు.

“బ్రేకు నొక్కితే పెడలు అడుక్కి పోతోందండీ.”

పరమేష్ రిసీవరు కింద పెట్టేశాడు.

“రాసుకోండి బాబూ. కట్ట దగ్గరికి వచ్చేస్తున్నారు.”

“అమ్మా... నీ కాల్మొక్త... నా బిడ్డ... ఏడేండ్లది...”

“నాకూ ఉంది. తొమ్మిదేళ్ళది. జడ నేనే వెయ్యాలని పేచీ పెట్టేది. ఇప్పుడెవరేస్తున్నారో.” గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా భయమేసింది అతనికి. “మూడుసార్లొచ్చాను. మూడుసార్లూ కుర్చీలోంచి లేవలేదు మీరు.”

“ఏం రాయాల్నో చెప్పు తల్లీ. రాస్త.”

“మీరు చేసిందే రాయండి.”

జాబ్‌కార్డు అతని ముందే ఉంది. ఎవరు పెట్టారో తెలియదు. కలం పట్టుకున్నాడు. రాస్తే కేసు... జైలు... ఉద్యోగం పోతుంది. అంత భయంలోనూ ఆ లెక్కలు తప్పలేదు అతనికి.

“కట్ట ఎక్కారు” అంది ఆమె.

రాశాడు. ‘పార్వతీదేవి కారు నేను నడిపి చూడలేదు. చూడకుండనే ఓకే రాసిన. పరమేష్.’

ఫోను మోగింది.

“బావా!” బాలేష్ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియడం లేదు. “కట్ట దిగంగ బ్రేకు పడలేదు బావా! పెడలు నేలకు తాకింది. ముంగట కంకర లారీ... ఇగ అయిపోయినమనుకున్న. మూరెడు దూరంల బండి దానంతటదే ఆగింది! మేమిద్దరం దిగినం.”

“పాప?”

“వెనక నిద్రపోయింది. ఇగో, ఇప్పుడు దించుతున్నం.”

పరమేష్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఫోను పెట్టేసి, తల కౌంటరు మీద ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. కరెంటు వచ్చింది. ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. అవతలి కుర్చీ ఖాళీ. వాసన కూడా లేదు.

కార్డు మాత్రం ఉంది. తెల్లని వెలుతురులో తన రాత, తన సంతకం.

చూస్తూ చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. చీకటి, వాన, పిల్ల మీది బెంగ... అన్నీ కలిసి తన మతి పోగొట్టాయి, అంతే. ఎవరొచ్చారు? ఎవరు చూశారు? ఈ కాగితం ఎవరి చేతికైనా పడితే బతుకు బజారున పడుతుంది. పిల్ల క్షేమంగానే ఉందిగా ఇప్పుడు!

ఛీ, మనిషన్నవాడికి అంతలోనే మరుపా! కార్డుని నాలుగు ముక్కలు చేశాడు. ఎనిమిది చేశాడు. జేబులో కుక్కుకున్నాడు.

ఫోను మోగింది.

“బావా... బెల్టు ఊడ్తలేదు.” బాలేష్ గొంతు గుసగుసలా ఉంది. “పాప బెల్టు. అక్క గుంజుతాంది, నేను గుంజిన... డోరు దానంతటదే పడ్డది బావా. చావి నా చేతులనే ఉన్నది... అయినా బండి...”

వెనక వినోద కేక. పాప పేరు పెట్టి ఒకటే కేక. దూరమవుతున్న ఇంజను చప్పుడు. ఆ తరవాత ఏమీ లేదు.

“బాలేష్! అరే బాలేష్!”

జేబులోంచి ముక్కలు తీసి కౌంటరు మీద పోశాడు. ఒకదానికొకటి అతికించబోయాడు. అంచులు కలవడం లేదు. ఏ ముక్క మీదా ఒక్క అక్షరం లేదు.

ఫోను మళ్ళీ మోగింది.

ఎత్తాడు. అటువైపు వాన చప్పుడు. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్న చప్పుడు.

“శృతీ... బిడ్డా... నాయిననురా...”

టక్కుమని బెల్టు పడిన శబ్దం. తరవాత పలికింది శృతి గొంతే. మేడ్చల్లో పుట్టి, మేడ్చల్ మాట తప్ప మరో యాస ఎరగని తన ఏడేళ్ళ పిల్ల గొంతే.

“మీరే ఒకసారి నడిపి చూడండి బాబూ.”

బయట షెడ్డులో, ఇందాక ఖాళీగా ఉన్న బదులు కారు చోటునుంచి హారన్ మోగింది. మల్లేశం గేటు తెరుస్తున్నాడు.