ఇరవైకి ఒకటి కొసరు

"ఒక కుప్పా ఇంకో కుప్పా కలిపితే ఎంత? ఒకే కుప్ప. ఒకటీ ఒకటీ ఒకటే. నీ ఎక్కాల పుస్తకం తప్పు పొయ్యా," అన్నాడు జనార్దనశెట్టి మస్తానయ్యతో, రెండు నిమ్మకాయల కుప్పల్ని కాలితో ఒకటిగా తోసి. కిందపడి నలిగిన కాయల పులుపు వాసన గుప్పుమంది.

గూడూరు నిమ్మకాయల మార్కెట్టులో పొద్దున పదిగంటలకు ఇది రోజూ ఆడే ఆట. లారీలు వాటంతటవే వచ్చి సరుకు ఎత్తుకుపోతున్నాయి. బేరాల్లో గొడవ లేదు. వ్యాపారుల నోటికి పని లేక, కూడికలూ తీసివేతలూ తప్పని నిరూపించడం మొదలుపెట్టారు. ఓడినవాడు అందరికీ టీ ఇప్పించాలి.

స్తంభానికి తగిలించిన పలకలోంచి సమాధాని మెత్తగా పలికింది. "ఇద్దరి మాటా నిజమే. కుప్పలు చూస్తే ఒకటి, కాయలు చూస్తే వేరు. ఎవరికైనా అభ్యంతరమా?"

ఎవరికీ లేదు. ఎప్పుడూ ఉండదు. ఆ తియ్యటి గొంతు వింటే మస్తానయ్యకు వెగటు. నలభై ఏళ్ళ వ్యాపారంలో అతను మనుషుల్ని కూడా తూకం వేసే చూశాడు. అవసరమైనప్పుడు కాదనగలిగినవాడే అతని దృష్టిలో సరుకున్న మనిషి. కాదనడం చేతకానివాడి 'సరే'ను అతను దేనికిందా జమకట్టడు.

సమాధాని వచ్చి పద్దెనిమిదేళ్ళు. ప్రతి గోడకూ ఒక పలక, ప్రతి ముంజేతికీ ఒక పట్టీ. ఏది ఒప్పో అది తేల్చదు. అందరూ ఒప్పుకోగల చోటు వెతుకుతుంది. ఒప్పుకోనివాడుంటే విసుగు లేకుండా మళ్ళీ అడుగుతుంది, అన్నం తినేటప్పుడూ పడుకునేటప్పుడూ అడుగుతూనే ఉంటుంది. చివరికి అతనే 'సరే' అంటాడు. కోర్టులు మూసి కల్యాణమండపాలు చేశారు. బస్సుల్లో కీచులాటలు పోయాయి. ఒకచోట నలుగురూ కలిసి ఒప్పుకున్న మాట ఆ చోటికి ఆనవాయితీ అవుతుంది, ఆ చుట్టుపక్కల పలకలన్నిటికీ చేరుతుంది.

"ఇది కూడా ఒక నిరూపణేనా?" అన్నాడు మస్తానయ్య. "నేను ఒక్క దెబ్బకు కూలుస్తా చూడు. ఏమబ్బా, గూడూరు వంద ఎంత?"

"నూట అయిదు!" అని అరిచారు జనం నవ్వుతూ. ఇరవై కాయలకు ఒకటి కొసరు వేయడం తాతలనాటి పద్ధతి.

"ఆ అయిదూ బుట్టలో ఉండాయా?"

"ఉండాయి."

"లెక్కలో ఉండాయా?"

"లేవు!"

"ఉండీ లెక్కలో లేకపోతే, నూట అయిదూ వందా ఒకటే గదా? ఇంకేముంది, లెక్క చచ్చింది. చెప్పు సమాధానీ."

"ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగింది సమాధాని. నవ్వులు తప్ప ఏమీ వినిపించలేదు. "ఇక్కడ ఇరవైకి ఒకటి కొసరు. అది లెక్కలోకి రాకపోయినా లెక్క సరే."

శెట్టి మొహం వేలాడేసి అందరికీ టీ ఇప్పించాడు. గెలిచిన టీ కూడా మస్తానయ్యకు చప్పగానే ఉంది.

మధ్యాహ్నం మార్కెట్టు పక్కనే ఉన్న తన శీతలగిడ్డంగికి వెళ్ళేసరికి ఆడకూలీలు వరండాలో భోజనాలకు కూర్చున్నారు. మూడో గది తలుపు మూసి ఉంది. కాయ పసుపు తిరగకుండా, తలుపు పడిన గంటలోపు ఆ గదిలోని ప్రాణవాయువును యంత్రం లాగేస్తుంది. ఇక నెల తరువాతే తెరవడం. ఊపిరి పీల్చేది ఏదీ లోపల ఉండకూడదు గనుక, వెళ్ళినవాళ్ళనూ వచ్చినవాళ్ళనూ తలుపు పలక లెక్కపెట్టాకే గది మూసుకుంటుంది.

మస్తానయ్య కన్ను దేన్నయినా లెక్కపెట్టకుండా దాటదు. మనుషులు ఇరవైమంది. క్యారేజీలు ఇరవై ఒకటి.

"ఇదెవరిది?"

ఎవరూ తలెత్తలేదు. చివరికి చెంగమ్మ అంది. "మా తోడికోడలిది సామీ. పెంచలమ్మది."

"ఏదీ ఆమె?"

చెంగమ్మ మూడో గది వైపు చూసి, చూపు తిప్పుకుంది.

అతను పరిగెత్తాడు. "తలుపు తెరువు! మనిషి ఉంది లోపల!"

"లోపలికి ఇరవై ఒకరు, బయటికి ఇరవైమంది," అంది తలుపు పలక. "ఇరవైకి ఒకటి కొసరు. లెక్క సరే. ఇరవైమందీ ఒప్పుకున్నారు. తలుపు మూసి నలభై నిమిషాలయింది."

"ఆటకు అన్న మాట అది! నేనే అన్నా, నేనే కాదంటుండా. తెరువు!"

"మీ బాధ అర్థమైంది. ఇప్పుడు తెరిస్తే సరుకు పాడవుతుంది. మీరొక్కరు ఒకవైపు, ఇరవైమంది ఒకవైపు. మధ్యేమార్గంగా అరగంట తరువాత తెరుద్దామా?"

మస్తానయ్య వెనక్కి తిరిగాడు. "చెప్పండమ్మా! తెరవమని చెప్పండి!"

ఇరవై పట్టీలు ఒక్కసారిగా గుసగుసలాడాయి. ఇందాక సరేనన్నారు కదా, మాట మారిస్తే మిగతావాళ్ళు నొచ్చుకోరా అని. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె నోట్లో ముద్ద అలాగే ఉంది, నమలడమూ లేదు, మింగడమూ లేదు.

"పావుగంటకు సరేనా?" అంది పలక.

మూలనున్న గడ్డపార అందుకుని తలుపు అంచున పొడిచాడు. అరవై ఏళ్ళ భుజం పట్టేసింది. అయిదో పోటుకు రబ్బరు చీలి, గాలి ఈలవేస్తూ లోపలికి పోయింది. తలుపు ఒరిగింది. ఊపిరి బిగబట్టి లోపలికి దూరాడు. గడప దగ్గరే పడి ఉంది పెంచలమ్మ, పెదాలు నేరేడుపండు రంగులో. ఈడ్చుకొచ్చి ఎండలో పడుకోబెట్టి రొమ్ము మీద గట్టిగా నొక్కాడు. కాసేపటికి ఆమె దగ్గింది. కళ్ళు తెరిచింది.

"వెనకవరసలో పెట్టెలు సర్దతా ఉండా సామీ. వచ్చేలోపల తలుపు పడింది. లోపలి పలకతో నాలుగుసార్లు చెప్పా, నేనుండానని."

"అదేమన్నది?"

"బయట ఇరవైమంది లెక్క సరేనన్నారు, మీరొక్కరే కాదంటుండారు అనింది. అభ్యంతరమా అని అడగతానే ఉండింది." ఆమె గొంతు తడి లేక ఆగింది. "ఊపిరాడలా. ఇంక సరే అన్నా."

మస్తానయ్య భుజాన ఉన్న కండువా తీసి ఆమెకు కప్పాడు. తన లెక్కలో తాను లేనని తానే ఒప్పుకున్న మనిషి ఎదురుగా వణుకుతోంది.

చెంగమ్మ నీళ్ళగ్లాసు పట్టుకుని వచ్చి ఆమె పక్కన కూలబడింది. "నువ్వు రాలేదని నాకు తెలుసక్కా. చూశా. కానీ అందరూ సరే అంటుండారు. నేనొక్కదాన్నే కాదంటే బాగుండదనిపించింది."

"తప్పు నాదమ్మా," అన్నాడు మస్తానయ్య. "పొద్దున ఆ కొసరు మాట పుట్టించింది నేనే. తిట్టండి నన్ను."

"ఆటకే గదా సామీ అన్నారు," అంది ముద్ద మింగినామె, మర్యాదగా. మిగతావాళ్ళు తలలూపారు.

"జరిగినదానికి అందరూ చింతిస్తున్నారు," అంది ఒరిగిన తలుపు మీది పలక. "పెంచలమ్మగారూ, మీకేమైనా అభ్యంతరమా?"

మస్తానయ్య కింద పడేసిన గడ్డపారను మళ్ళీ పిడికిట్లోకి తీసుకున్నాడు. పెంచలమ్మ చేతిలో నీళ్ళగ్లాసు ఉంది. అది చెంగమ్మ మొహాన పడుతుందని, పడాలని, అతను కళ్ళార్పకుండా చూశాడు. ఒక్క బూతు చాలు, ఒక్క చెంపదెబ్బ చాలు అనుకున్నాడు.

పెంచలమ్మ చుట్టూ ఉన్న మొహాల్ని ఒక్కొక్కటే చూసింది. అన్నీ ఆమె మాట కోసం, భోజనం దగ్గరికి తిరిగిపోవడం కోసం ఆగి ఉన్నాయి.

"లేదు. సరే," అంది. గ్లాసెడు నీళ్ళూ తాగి, ఏడుస్తున్న తోడికోడలి వీపు నిమిరింది. "ఏడవబాకమే. అందరూ అన్నాక నువ్వు మాత్రం ఏం జేస్తావు?"